వాల్తేరు సార్

"సార్, అది నా కుర్చీ."

చిక్కడపల్లి గ్రంథాలయంలో కిటికీ పక్కన కూర్చుని పేపరు చదువుతున్న పెద్దాయన తలెత్తాడు. ఎనభై దాటిన మనిషి. వెంటనే లేచి నిలబడ్డాడు.

"క్షమించాలండి. పేరు రాసి లేదు కదా అని కూర్చున్నాను."

కుర్చీ అడిగిన రాఘవేందర్‌కు కాస్త సిగ్గనిపించింది. "కూసోండి, పర్వాలేదు. మీదెక్కడ సార్?"

"విశాఖపట్నమండి. సూర్యనారాయణమూర్తి అంటారు. ఆంధ్రా యూనివర్సిటీలో పాఠాలు చెప్పి రిటైరయ్యాను. అశోక్‌నగర్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను."

ఆ యూనివర్సిటీ పేరు వినగానే రాఘవేందర్ ముఖం బిగుసుకుంది.

"నేను ఉస్మానియా," అన్నాడు, సవాలు విసిరినట్టు.

ఆ రోజు నుంచి ఇద్దరివీ ఎదురెదురు కుర్చీలే. వాళ్లను ఒకే బల్ల దగ్గరికి చేర్చిన దేవుడు ఏమనుకున్నాడో మరి.

"సముద్రం ఒడ్డున సదువెట్ల ఎక్కుతది సార్? గాలికి కాయితాలన్ని ఎగిరిపోవా?"

"ఎగిరిపోతాయనే అన్నీ బుర్రలో పెట్టుకునేవాళ్లమండి. మరి మీ ఆర్ట్స్ కాలేజీ మెట్లెక్కేసరికే సగం ఆయుష్షు అయిపోతుందటగా?"

గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు పుస్తకాలు మూసి మరీ వినేవాళ్లు. ఒకరు ఓయూ సార్, ఒకరు వాల్తేరు సార్.

పెద్దాయనకు అది సరదా. రాఘవేందర్‌కు కాదు.

ఒకరోజు అడగనే అడిగేశాడు. "మీవోళ్లు నా బతుకు ఖరాబు చేసిన్రు, తెలుసా సార్?"

"ఏం జరిగిందండీ?"

"రెండేండ్లు పాలమూరు కూలీల ఎంబడి తిరిగి థీసిస్ రాసిన. పరీక్ష చేసెటాయన పనికిరాదని రాసి పంపిండు. కూలోళ్ల మాటలు ఆధారాలు కావంట! ఇంకో పరీక్షకుని దగ్గరికి పోయి పట్టా చేతికొచ్చేసరికి యూనివర్సిటీ నౌకరీ పాయె. నారాయణగూడల ఇంటర్ పిల్లలకు చెప్పుకుంటనే రిటైరైన."

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. చాలాసేపు తుడిచాడు.

"పనికిరాదన్నది మావాళ్లేనని మీకెవరు చెప్పారు?"

"ఎవరు చెప్పాలె? వాల్తేరుకు పంపిన్రని డిపార్ట్‌మెంట్ల అనుకున్నరు. పనికిరాదన్న కబురు గా వారంలనే తెలిసింది. ఎవరో మీకు ఎరుకే ఉంటది. చెప్పున్రి."

"పరీక్షించినవాడి పేరు బయటికి రాకూడదండి. అది నియమం."

"గట్లనే కాపాడుకోండి మీవోళ్లను!"

పెద్దాయన నొచ్చుకోలేదు. "దాన్ని అచ్చు వేయించండి రాఘవేందర్ గారూ. కూలీల మాటలు పుస్తకంలోకి రావాలి."

ఆ తర్వాత కనబడినప్పుడల్లా అదే మాట. ఆ పోరు పడలేకనో, లోపల ఆశ ఉండో, ఏడాది తిరిగేసరికి రాఘవేందర్ పుస్తకం అచ్చు వేయించాడు. బాగ్ లింగంపల్లిలో చిన్న హాలు మాట్లాడాడు.

"ఆ సభలో నేనొక్క రెండు నిమిషాలు మాట్లాడవచ్చునా?" పెద్దాయన మొహమాటంగా అడిగాడు.

"స్టేజీ మీద అందరు మా ఉస్మానియావోళ్లే సార్. మీరొచ్చి కూసోండి చాలు."

"అలాగేనండి."

సభ నాడు రాఘవేందర్ ఉత్సాహంలో ఉన్నాడు. మైకు అందుకుని, "నా థీసిస్ చదివిన వాల్తేరాయన పాలమూరు కూలీని ఎన్నడన్న చూసిండో లేదో! సముద్రం అలలు లెక్కపెట్టుకుంట పనికిరాదని రాసిండు," అన్నాడు.

హాలంతా నవ్వింది. చివరి వరుసలో పెద్దాయన కూడా చిన్నగా నవ్వాడు. చప్పట్లు కొట్టాడు. ఒక పుస్తకం కొనుక్కుని వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక భార్య పద్మ అంది, "ఎనక కూసున్న పెద్దాయన చాయ్ సుత తాగకుండ పోయిండు. గట్ల మాట్లాడకపోతే ఏమాయె?"

"నిజమే చెప్పిన గద!"

"నిజమని నీకెట్ల తెలుసు?"



మర్నాడు ఎదురు కుర్చీ ఖాళీ. రోషం వచ్చింది కాబోలు, నాలుగు రోజులకు అదే తగ్గుతుందిలే అనుకున్నాడు. పది రోజులయ్యాక మనసు ఊరుకోలేదు. అశోక్‌నగర్‌లో ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు.

గుమ్మంలో ఆయన కూతురు రాగిణి ఎదురైంది. పేరు చెప్పగానే లోపలికి రమ్మంది. లోపల గోడకు ఫొటో, దానికి దండ.

"సభ నుంచి వచ్చిన నాలుగో రోజున, నిద్రలోనే అంకుల్. మీ పుస్తకం చివరిదాకా చదివారు. చాలా సంతోషపడ్డారు."

రాఘవేందర్ ఫొటో ముందుకు వెళ్లి దండం పెట్టాడు.

"నాన్న పుస్తకాలు గ్రంథాలయానికి ఇద్దామని సర్దుతున్నాను. ఒకదాని మీద మీ పేరుంది. చూడండి."

నల్ల అట్ట, బంగారు అక్షరాలు. ఆనాటి తన థీసిస్. అలాంటి కాపీని పరీక్షించేవాళ్లకు తప్ప ఇంకెవరికీ పంపరు.

అయితే పనికిరాదన్నది ఈయనేనా? రాఘవేందర్ ముఖం వేడెక్కింది. గబగబా అట్ట తెరిచాడు. లోపల టైపు చేసిన నివేదిక కార్బన్ కాపీ, మడతల దగ్గర చిరిగి ఉంది.

"ఈ పరిశోధన పనికిరాదన్న మొదటి పరీక్షకుడితో నేను ఏకీభవించను. అనుమానం తీర్చుకోవడానికి స్వయంగా పాలమూరు వెళ్లి, ఇందులో పేర్లున్న కూలీల్లో పదకొండు మందిని కలిశాను. ప్రతి మాటా నిజం. ఈ యువకుడికి పట్టా ఇవ్వకపోతే తప్పు మనది అవుతుంది."

దాని కింద రెండో పరీక్షకుడి సంతకం ఉంది: సూర్యనారాయణమూర్తి, వాల్తేరు.