పదకొండేళ్ళ తల్లి

“పుట్టిన తేదీ తప్పని నేనెట్ల రాసియ్యాలె సార్? నా నౌకరీ పోతది” అన్నాడు హెడ్‌మాస్టర్ పగిడయ్య, మూడోసారి.

“మరి తప్పు రాసింది మీ బడోళ్ళే గద!” పూల్‌సింగ్ గొంతు పెరిగింది. “నాకు నలభై. మా యాడికి యాభై ఒకటని రాసిండ్రు. అంటే పదకొండేండ్లకే నన్ను కన్నదా?”

తండాలో అమ్మను యాడి అంటారు. ఆ యాడి, బాలి, గుమ్మం బయటే నిలబడి ఉంది. లోపలికి రమ్మంటే రాదు, కూర్చోమంటే కూర్చోదు.

పూల్‌సింగ్ పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో ఆపరేటర్. కాలనీలోని నాలుగు కుటుంబాలు కలిసి దసరా సెలవులకు సింగపూర్ చూసొద్దామనుకున్నాయి. అందరికీ వీసాలొచ్చాయి, బాలికి తప్ప. తల్లీకొడుకుల మధ్య పదకొండేళ్ళే తేడా ఉంది, ఈమె తల్లేనని రుజువు పంపండి అంటూ వీసా ఆఫీసు ఆమె కాగితాలు తిప్పి పంపింది. విమానం శుక్రవారం. ఇవాళ సోమవారం.

నాలుగు రోజులుగా అతను కాళ్ళకు బలపాలు కట్టుకుని తిరుగుతున్నాడు. పాస్‌పోర్టు ఆఫీసుకు ఫోన్ చేస్తే, బడి సర్టిఫికెట్‌లో ఏముంటే అదే మేం రాశామన్నారు. తాసిల్దారు ఆఫీసుకు వెళ్తే, తండాలో ఆమె చదివిన ఈ బడికే పొమ్మన్నారు. ఖమ్మంలో ట్రావెల్ ఏజెంట్ రాంబాబు మాత్రం, తేదీ సరైంది కాదని హెడ్‌మాస్టర్ ఒక్క లెటర్ ఇస్తే వీసా ఇప్పిస్తానన్నాడు. అక్కడితో ఊరుకున్నాడా?

“గింత తిప్పలెందుకన్నా? తల్లి కాదు, అక్క అని రాద్దాం. వయసు సరిపోతది, పనైపోతది.”

“కన్నతల్లిని పట్టుకొని అక్కంటవారా?” అని ఫోన్ ఠపీమని పెట్టేశాడు పూల్‌సింగ్.

అందరికంటే ఎక్కువగా అతని ఒళ్ళు మండించింది బాలే. “నేను రాను కొడుకా. మీరు పోయిరాండ్రి. ఆ బడికి మాత్రం పోవద్దు” అని నిన్నటి నుంచి ఒకటే పాట. పోనీ ఇష్టం లేదా అంటే, విమానం చప్పుడైతే చాలు, చేస్తున్న పని వదిలేసి వాకిట్లోకి పరుగెత్తుతుంది. అది కనుమరుగయ్యేదాకా తలెత్తి చూస్తూనే ఉంటుంది. కొత్తగూడెం గని కార్మికుల క్వార్టర్లలో గిన్నెలు తోమి తనను చదివించిన మనిషి. తండ్రి తను పుట్టకముందే పోయాడట. పెళ్ళయిన తండా ఆడవాళ్ళు మోచేతి పైన వేసుకునే తెల్లగాజులు ఆమె చేతులకు అతనెప్పుడూ చూడలేదు. అతనికి ఐదేళ్ళప్పుడు తండా వదిలి వచ్చేసింది, మళ్ళీ ఇటువైపు తొంగిచూడలేదు. ఆమెను ఎక్కించకుండా తానొక్కడే విమానమెక్కడం అతనికి చేతకాదు.

“యాడీ, నువ్వన్న చెప్పు! నేను పుట్టినప్పుడు నీకెన్నేండ్లు?”

“మా ఏండ్లు ఎవరు లెక్కవెట్టిండ్రు కొడుకా. పోదాం దా. బస్సు పోతది.”

“నీ కోసమే గద నేను చస్తున్న! నువ్వేమో బస్సు బస్సంటవ్!”

బాలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమెను చూసి హెడ్‌మాస్టర్ మనసు కరిగినట్టుంది.

“ఒక పని చేద్దాం. ఆ రోజులల్ల తేదీ తెల్వకుంటే జూలై ఒకటి అని రాసేటోళ్ళు. ఆమెది గూడ గట్ల ఉజ్జాయింపుగ వేసిందే అయితే, ఆ మాటే రాసిస్త” అంటూ పెట్టె తెరిచి, చెదలు కొరికిన పాత రిజిస్టర్ తీశాడు. వేలితో వరుసలు వెతికాడు. “బాణోతు బాలి. ఒకటి, ఏడు, యాభై అయిదు. అవ్, జూలై ఒకటే!”

“అదే సార్ నేను మొత్తుకునేది! రాసియ్యండి!” నాలుగు రోజుల్లో మొదటిసారి పూల్‌సింగ్ ముఖం విప్పారింది.

“అరవై ఆరు ఆగస్టుల, ఐదో తరగతి నడుమ బడి మానేసింది...” చదువుతున్న పగిడయ్య వేలు చివరి గడి దగ్గర ఆగిపోయింది. కళ్ళద్దాలు తీసి గుమ్మం వైపు చూశాడు. రిజిస్టర్ మూసేశాడు. “లెటర్ రాసిస్త తీయండి. ఇది ఎందుకు మనకు.”

“మళ్ళ ఏం తప్పు దొరికింది సార్?” పూల్‌సింగ్ విసుగ్గా రిజిస్టర్ తనవైపు లాక్కుని ఆ పేజీ తెరిచాడు.

అప్పటిదాకా గడప దాటని బాలి గబగబా లోపలికి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. “చదవకు కొడుకా.”

‘బడి మానుటకు కారణము’ అన్న గడిలో వెలిసిపోయిన ఎర్రసిరాతో ఒక్క వరుసే ఉంది.

‘అక్క మరణం, ఆమె పసిబిడ్డ పూల్‌సింగ్‌ను పెంచుటకు.’