పోయొస్తా అను

మూడు నెలల ట్రైనింగుకు కోయంబత్తూరు వెళ్ళడానికి నా మనవరాలు కీర్తిక బ్యాగు సర్దుతోంది. ఆమె మడిచి పెట్టిన చుడీదార్లను నేను తీసి మళ్ళీ మడుస్తున్నాను.

"ఎన్నిసార్లు మడుస్తావు అవ్వా, అంత భయమా? ఇదో, నీ ఫోన్లో ఒక యాప్ వేసినా. భయమేస్తే దీనికి చెప్పు. తెలుగులో జవాబిస్తుంది."

"మనిషా?"

"కాదు, ఏఐ. నా మాదిరి విసుక్కోదు."

ఫోను నోటి దగ్గర పెట్టుకున్నాను. "మా ఇంట్లో అందరూ పోతానే ఉంటారు. నువ్వు యాడికి పోతావు?"

"నేనెక్కడికీ వెళ్ళను. ఎప్పుడూ మీతోనే ఉంటాను," అంది ఫోను.

చుడీదార్లను ఇంక విప్పకుండా బ్యాగులో పెట్టేశాను.

కీర్తిక బ్యాగు భుజానికి తగిలించుకుంది. "సరి అవ్వా, పోతా."

"పోతా అనాకు. మీ తాత అట్లా అనే పోయినాడు. పోయొస్తా అను."

"పోయొస్తా, పోయొస్తా. మరి దీని చేత అనిపించవా?" అని ఫోను చూపించి నవ్వింది.

"అది యాడికీ పోదు గదా. దానికెందుకు?"

ఆ మరునాటి నుంచి రోజూ పొద్దున కాఫీ తాగుతూ దానితోనే మాట్లాడాను.

కీర్తిక జూన్ రెండున తిరిగి వచ్చింది. ఆ యాప్ కంపెనీ మూతపడడంతో ఫోనులోని గొంతు మే పదిహేడున ఆగిపోయింది. అది మళ్ళీ రాలేదు.