ఏడో మలుపు మనిషి

ఎర్ర జెండా ఊగింది.

ఉదయ్ భాస్కర్ బ్రేకు తొక్కాడు. పందెంలో ముందున్నది తనే. ఇంకొక్క చుట్టు తిరిగితే కప్పు తనదే.

కోపంగా కారు దిగాడు.

ఏడో మలుపులో జెండా పట్టుకున్నది ఓ పెద్దాయన. పొద్దున అందరూ టెంటులో టిఫిన్ చేస్తుంటే, అడవి వైపు తిరిగి ఒక్కడే కూర్చున్న మనిషి.

"ఏందయ్యా ఇది? గెలిచే పందెం చెడగొట్టినవ్!"

పెద్దాయన జెండా పడేసి గట్టు దిగి పరుగెత్తాడు.

కింద టేకు చెట్టుకు గుద్దుకుని, పందెంలో తనతో పోటీపడుతున్న సంతోష్ కారు ఉంది. సీటులోనే సంతోష్ మూలుగుతున్నాడు. తల వాలిపోతోంది.

పెద్దాయన పగిలిన కిటికీలోంచి చేతులు పెట్టి ఆ తలను కదలకుండా పట్టుకున్నాడు.

ఉదయ్ తలుపు లాగాడు. "పట్టు, బయటికి తీద్దాం!"

"వద్దు సారూ! మంటల్లేవు. మెడ కదిలితే మనిషి దక్కడు."

"మరేం జెయ్యాలె?"

"నువ్వు మీదికి పో. అంబులెన్సుకు దారి చూపియ్యి. జల్దీ!"

అంబులెన్సు ట్రాకు అవతలి కొసన ఉంది. ఆగిన కార్లను తప్పించుకుని వచ్చేసరికి పావుగంట పట్టింది.

అద్దం గుచ్చుకుని పెద్దాయన మోచేతులు నెత్తురోడుతున్నాయి. అరచేతులు మాత్రం కదల్లేదు.

సాయంత్రం ఖమ్మం దవాఖానా నుంచి ఫోన్ వచ్చింది. సంతోష్ కాళ్లూ చేతులూ ఆడిస్తున్నాడు.

ఉదయ్ ఏడో మలుపుకు వెళ్లాడు. అక్కడెవరూ లేరు.

తన వెనకే అక్కడికి వచ్చిన, పందెం నడిపే పద్మప్రియను అడిగాడు. "ఆ పెద్దాయన ఏడి?"

"రామ్‌సింగా? బస్సెక్కి పోయిండు. ఇంక రానన్నడు. కండ్లు సరిగ్గ ఆనుతలేవంట."

"ఏ క్లబ్బు మనిషి?"

"ఏ క్లబ్బూ కాదు. మూడేండ్ల నుంచి తనంతట తానే వస్తుండు. ఆ మలుపే అడిగి తీసుకుంటడు. ఎవరితోటీ మాట్లాడడు."

"ఇంట్ల ఎవరున్నరు?"

"ఎవరూ లేరు. ఒక్క కొడుకుండె."

"నంబరియ్యి. నోరు జారిన. తప్పయిందని చెప్పాలె."

పద్మప్రియ తల దించుకుంది.

"నీకు చెప్పొద్దన్నడు, ఉదయ్."

"ఏంది?"

"ఆయన మన బలరాం వాళ్ల నాన్న."

ఉదయ్ గట్టు కిందికి చూశాడు.

మూడేళ్ల కిందట ఇదే మలుపులో బోల్తాపడిన కారులోంచి, బతికే ఉన్న బలరాంను కంగారులో చంకల కింద పట్టి బయటికి లాగింది తనే. ఆ మెడ వాలిపోయింది తన చేతుల్లోనే.