ముప్పై నంబరు

నాకు ఎవరితోనూ వాదించడం రాదు. కిందటేడు ఈ ఆయిల్ షాపాయన చెప్పినదానికల్లా తల ఊపి, మా పాత ట్రాక్టరుకు పల్చటి కొత్త రకం ఆయిల్ తెచ్చాను. ఇంజన్‌లో అరిగిన రబ్బరు సీళ్ళు దాన్ని ఆపలేకపోయాయి. తెల్లారేసరికి ఆయిలంతా షెడ్డు నేల మీదే ఉంది.

"ఈసారి కూడా తల ఊపి వచ్చారో, గుమ్మం తొక్కనివ్వను" అంది మా ఆవిడ.

అందుకే కౌంటరు పట్టుకుని నిలబడ్డాను. "చిక్కటిది కావాలి బాబూ. ముప్పై నంబరు."

"ఇంకా ముప్పై నంబరేంటి పెద్దాయనా? అది మీ తాతల నాటి సరుకు. ఈ కొత్తది తీసుకోండి."

"వద్దు. ముప్పై నంబరే."

"ఎవరు చెప్పారు మీకు?"

"మా ఆవిడ."

షాపులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. కాళ్ళు మాత్రం కదల్లేదు.

"వంటనూనె సంగతైతే ఆవిడ మాట వినండి" అన్నాడు షాపాయన. "ఇంజన్ సంగతి నాకొదిలెయ్యండి. అదిగో, బయట నిలబెట్టిన ట్రాక్టరు ఇంజన్ చప్పుడు వినండి. ఎక్కడైనా తడబడుతోందా? కొత్త ఆయిల్ పోస్తే అలా ఉంటుంది ఇంజన్."

విన్నాను. నిజమే, ఎక్కడా తడబడలేదు.

"అది మాదే" అన్నాను. "నలభై ఏళ్ళ బండి. మీ ఆయిల్ కారిపోయాక, ఎక్కడో వెతికి ముప్పై నంబరు తెచ్చి పోసింది మా ఆవిడే. నడిపేదీ ఆవిడే. సీటు మీద ఉంది, లోపలికి పిలవమంటారా?"

షాపాయన గుమ్మంలోంచి ఒకసారి బయటికి చూశాడు. వెనక గదిలోకి వెళ్ళి ముప్పై నంబరు డబ్బా తెచ్చి, దుమ్ము తుడిచి నా చేతికిచ్చాడు.

"కొత్తది వద్దుగా మరి?" అన్నాను.

ఈసారి తల ఊపింది ఆయన.