పదిహేడో గడి

"ఒక్క గడి తీసేస్తే చాలు మేడమ్. మిగతా ఇరవై రెండూ మీ ఇష్టం," అంది పరిశోధకురాలు.

"ఒక్క గడేగా అని తలా ఒకటీ తీయిస్తూ పోతే చివరికి తెల్లకాగితం మిగుల్తుంది," అంది సూపరింటెండెంటు, తలైనా ఎత్తకుండా.

ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్లు రక్షణ కోరుతూ నింపాల్సిన ఫారం అది. మధ్యాహ్నం మూడింటికి అచ్చుకు వెళుతుంది. ఒకసారి అచ్చయిందంటే ఐదేళ్ల దాకా దాన్ని కదిలించడం ఎవరి తరమూ కాదు. పరిశోధకురాలు పనిచేసే సంస్థ ఏడాదిగా ఆ ఒక్క గడి మీదే కాళ్లరిగేలా తిరుగుతోంది. డైరెక్టరు గారేమో కుర్చీ వేయించి, మర్యాదగా మాట్లాడి, "మా సూపరింటెండెంటు గారు సరేనంటే నాకేం అభ్యంతరం లేదు" అని చల్లగా తప్పించుకున్నారు. ఆ సూపరింటెండెంటును ఆఫీసులో అందరూ చాటుగా ఎర్రసిరా అంటారు. కామా పొరపాటైనా కాగితం వెనక్కి తిరిగి రావలసిందే. ఈ ఫారం ఆవిడ చేతిమీదుగా తయారైందే.

పదిహేడో గడిలో ఉన్నది ఇదీ: ఫిర్యాదు చేయడంలో ఆలస్యానికి కారణం.

"ఆఫీసుకి పది నిమిషాలు లేటుగా వస్తేనే కారణం రాయిస్తాం. ఏళ్ల తరబడి ఊరుకున్నవాళ్లని అడగొద్దా?"

"మూడు సహాయ కేంద్రాల్లో కూర్చుని రెండువందల పన్నెండు ఫారాలు చూశాను మేడమ్. అరవై ఒక్కమంది పదహారు దాకా నింపి, పదిహేడు దగ్గర పెన్ను పెట్టేసి ఇంటికెళ్లిపోయారు. ఆ ఇంటికే."

"రాయడం రాకేమో."

"వాళ్లలో ఒకావిడ హైస్కూలు టీచరు."

ఎర్రసిరా సొరుగు లాగి, ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టింది. "మేమేం గుడ్డిగా పంపడం లేదు. నింపి చూసే పంపుతున్నాం. నాలుగు నిమిషాల్లో అయిపోయింది."

అది ఆ ఆఫీసు ఆనవాయితీ. కొత్త ఫారం ఏదైనా అచ్చుకు వెళ్లేముందు ఎవరో ఒకరు గడియారం పెట్టుకుని నింపి చూడాలి. పన్నెండు నిమిషాలు దాటితే ఫారం వెనక్కి. ఫారం ఖాయం కాగానే ఆ పరీక్ష కాగితం చించేస్తారు.

పరిశోధకురాలు కాగితం చూసింది. గుమాస్తా మహాశయుడు ఇరవై మూడు గడుల్లోనూ 'అ ఆ ఇ ఈ' అని గుండ్రంగా రాసిపెట్టాడు. పేరు, అ ఆ ఇ ఈ. మొదటిసారి కొట్టిన తేదీ, అ ఆ ఇ ఈ.

"ఇలాగైతే మా పాప కూడా నింపేస్తుంది మేడమ్," అంది నవ్వాపుకోలేక.

ఎర్రసిరా మొహం కందగడ్డలా అయింది. గుమాస్తాను పేరుపెట్టి పిలవబోయి ఆగింది. కొత్త ఫారం ఒకటి తీసుకుంది. చేతి గడియారం విప్పి ఎదురుగా పెట్టుకుంది.

"నేనే నింపుతా. సక్రమంగా. పన్నెండు నిమిషాల్లో అయిందంటే మీరిక నోరెత్తకూడదు."

జీవితమంతా ఫారాలతోనే గడిపిన చెయ్యి అది. నోరు జారి ఏడాది కష్టాన్ని బూడిదలో పోసుకున్నానా అని పరిశోధకురాలు తనని తానే తిట్టుకుంది.

పెన్ను పరుగెత్తింది. పేరు, వయసు, కొట్టేది ఎవరు, మొదట ఎప్పుడు, చివరిసారి ఎప్పుడు, ఏ వేళల్లో ఫోన్ చేస్తే ప్రమాదం లేదు. ఎక్కడా తడుముకోలేదు. తొమ్మిదో నిమిషానికి పదహారూ అయిపోయాయి.

పదిహేడు దగ్గర పెన్ను ఆగింది. ఒక మాట రాసింది, కొట్టేసింది. ఇంకోటి రాసింది, అదీ కొట్టేసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. పక్క బల్ల మీద ఫోన్ మోగి మోగి ఆగిపోయినా ఎవరినీ కసురుకోలేదు. పన్నెండు దాటింది. పదిహేను దాటింది.

గెలుస్తున్నానని సంతోషించాల్సింది పోయి పరిశోధకురాలికి జాలేసింది. "ఏదో ఒకటి ఊహించి రాసేయండి మేడమ్," అనేసి నాలుక కరుచుకుంది.

"ఇంత చిన్న గడిలో పట్టదు," అంది ఎర్రసిరా.

"పెద్దది చేయిస్తారా ఏంటి?" అంది పరిశోధకురాలు బెదిరిపోయి.

"వద్దు."

ఆవిడ అచ్చుకు వెళ్లాల్సిన అసలు ప్రతి దగ్గరకు లాక్కుని, పదిహేడో గడి మీద ఎర్రగీత అడ్డంగా గీసి, పక్కన పొట్టి సంతకం పెట్టింది. కింది గడుల అంకెలు తనే దిద్దింది. ప్రెస్సుకు ఫోన్ చేసి, "చిన్న మార్పుంది, ఆగండి," అని చెప్పింది. ఆ తర్వాత, మొదలుపెట్టిన పని సగంలో వదిలే అలవాటు లేదు గనుక కాబోలు, పరీక్ష కాగితంలో మిగిలిన ఆరు గడులూ రెండే నిమిషాల్లో నింపేసింది.

పరిశోధకురాలికి కళ్లనీళ్లు ఆగలేదు. ఏడాదిగా కంటి మీద కునుకు లేకుండా చేసిన గడి ఒక్క గీతతో పోయింది.

"థాంక్స్ మేడమ్. ఇది ఎంతమందికి ఎంత మేలో మీకు తెలీదు," అంటూ, ఆనవాయితీ ప్రకారం చించేద్దామని ఆ కాగితం అందుకోబోయింది.

ఎర్రసిరా దాని మీద చెయ్యి పెట్టింది.

"చించకమ్మా. ఇందులో ఊహించి రాసింది ఒక్క ముక్క లేదు. సహాయ కేంద్రం దాకా నాతో వస్తావా?"