ఊదారంగు గీతలు

"గీతల మీద నీళ్లు పడనియ్యకే!" తలుపు బయటినుంచే అరిచాడు తాతారావు.

"పడనేదు మావా. తడిగుడ్డతో ఒళ్లు తుడుసుకుంటన్నాను. ఏటి నీకంత గాబరా?" అంది లోపల మంచం మీదినుంచి తాయారు.

గాబరా ఎందుకుండదు? పెళ్లాం రొమ్ములో పుట్టిన కేన్సరు తుంటి ఎముకకు పాకింది. ఆపరేషను కుదరదన్నారు. ఎముక గట్టిపడేందుకు సెలైనులో మందు ఎక్కించారు, నొప్పికి మాత్రలిచ్చారు, కరెంటు పెట్టారు. కరెంటు ఎక్కడ పెట్టాలో గుర్తుండేందుకు తుంటి మీద ఊదారంగు గీతలు గీశారు.

"అచ్చం మా షాపు పెన్సిలు గీతల్లాగే ఉన్నాయే!" అని మొదటిరోజే ఆశ్చర్యపోయాడు తాతారావు. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో, తడిపితే ఊదారంగులో రాసే పెన్సిలుతో పాత బోగీల మీద గుర్తులు పెట్టి పెట్టి రిటైరైన మనిషి. అక్కడ గీత పడిన బోగీకి మరమ్మతు జరుగుతుంది. గీత పడనిది తుక్కులోకి పోతుంది. అదొక్కటే అతనికి తెలిసిన వైద్యం.

కిందటి నెల ఆస్పత్రిలో డాక్టరమ్మ తాయారుతో మాట్లాడుతున్నప్పుడు అతను మందుల క్యూలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి తాయారు చక్రాల కుర్చీలో కూర్చుని కొంగు సర్దుకుంటోంది.

"ఏటన్నారే?"

"కొన్నాళ్లు ఆపి మళ్లీ కరెంటు పెడతారట మావా. అందాకా గీతలు సెరిగిపోకుండా సూసుకోమన్నారు."

ఆనాటినుంచి ఆ గీతలకు తాతారావే కాపలా. పిచ్చి మారాజు! రోజూ పొద్దున్నే కళ్లద్దాలు తుడుచుకుని మరీ చూస్తాడు. ఇప్పుడూ తలుపు తోసుకుని వచ్చి చూశాడు. తాయారు చిక్కి సగమైంది, మంచం దిగలేకపోతోంది. గీతలు మాత్రం నిన్న గీసినట్టే ఉన్నాయి.

"సూసినావా! నేనుండగా సెరుగుతాయేటి? గీతలున్నంతకాలం నువ్వు రిపేరు లైన్లో ఉన్నట్టేనే. నిన్నెవులూ తుక్కులో పారెయ్యలేరు..." అంటూ ముఖం తిప్పుకున్నాడు.

తాయారు అతని చెయ్యి నిమిరింది.

"మావా, గోల్‌బజారెల్లి మౌరలా సేపలు తెత్తావేటి? తినాలనుంది."

నిన్న ఇందా బజారు నుంచి రసగుల్లాలు తెప్పించుకుంది. మొన్న ఇంకేదో. ఒక్కటీ ముట్టుకోలేదు. అయినా తాతారావు ముఖం వెలిగిపోయింది. తినాలనిపిస్తోందంటే కోలుకుంటున్నట్టే కదా! సంచీ అందుకుని హడావుడిగా చెప్పుల్లో కాళ్లు పెట్టాడు.

వీధి తలుపు మూసుకున్నాక తాయారు తలగడ కింద దాచిన మొగుడి పాత షాపు పెన్సిలు తీసి, నాలిక మీద తడిచేసి, ఇంక కరెంటు పెట్టి లాభం లేదని డాక్టరమ్మ చెప్పిన నాటినుంచీ రోజూ చేస్తున్నట్టే, వెలిసిపోతున్న గీతలను మళ్లీ దిద్దుకుంది.