షెడ్డులో కారవాన్

“ఇందులో ఎవరున్నారంకుల్?” కారవాన్ తలుపు బార్లా తెరిచి గట్టిగా అడిగాడు ఫ్రాంక్లిన్.

అతను ఆస్ట్రేలియాకి పక్క దేశంలో, పోర్ట్ మోర్స్‌బీలో టీచరు. సెలవుల్లో ఆస్ట్రేలియా తిరగడానికని కొనుక్కున్న, చక్రాల ఇల్లు లాంటి ఈ కారవాన్‌ను టూవూంబాలో ఉండే నాన్న స్నేహితుడు శౌరయ్య షెడ్డులో పెట్టి వెళ్లాడు. రెండేళ్ల తర్వాత వచ్చి చూస్తే కిటికీలకు ఎవరో కుట్టిన కర్టెన్లు, మంచం మీద ఆడవాళ్ల స్వెట్టరు కనిపించాయి.

“మిమ్మల్ని నమ్మి తాళాలిచ్చాను. దీన్ని సత్రం చేస్తారా?”

శౌరయ్య తల దించుకోలేదు. “ఒకమ్మాయి నాలుగు నెలలుంది బాబూ. బ్రిస్బేన్‌లో మొగుడు కొడుతుంటే కట్టుబట్టలతో వచ్చేసింది.”

“అయితే పుట్టింటివాళ్లని అడగాలి. నా బండే దొరికిందా?”

“అన్నకి ఫోన్ చేసిందంట. సంసారమన్నాక సర్దుకుపోవాలని చెప్పి పెట్టేశాడంట.”

ఫ్రాంక్లిన్ మంచం మీది స్వెట్టరు వైపు తిరిగాడు. కిందటేడు పరీక్షల హడావిడిలో ఉండగా చెల్లెలి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. సరిగ్గా ఆ మాటే అని పెట్టేసింది తనే.

“జాక్లినా?”

“నీ చెల్లెలు కాబట్టే తాళం తీశాను.”

ఫ్రాంక్లిన్ మెట్టు మీద కూలబడ్డాడు. ఇంతసేపూ శౌరయ్య మీదున్న కోపం ఇప్పుడు తన మీదికే తిరిగింది.

“ఇప్పుడెక్కడుంది? అడ్రస్ ఇవ్వండంకుల్, ఇప్పుడే వెళ్తాను.”

“ఉద్యోగం చేసుకుంటోంది, బాగానే ఉంది. నీకు మాత్రం చెప్పొద్దంది బాబూ. అన్నయ్యకి తెలిస్తే మళ్లీ ఆ మొగుడి దగ్గరికే పంపిస్తాడంది.”